పాట గొప్పా, బాకా గొప్పా?

లోకంలో కొన్ని తగాదాలు తీర్పు కోసం పుట్టవు. సాగడం కోసమే పుడతాయి. చెట్టు ముందా, విత్తు ముందా అన్నది అలాంటిది. విద్య గొప్పదా, ధనం గొప్పదా అని బళ్ళో పెట్టే వక్తృత్వపు పోటీ కూడా అలాంటిదే. అందులో ఎవరు ఏ పక్షం మాట్లాడినా చప్పట్లు కొడతారు. చివరికి బహుమతి గొంతు పెద్దదైనవాడికి దక్కుతుంది. ఈమధ్య ఆ వరసలోకి ఇంకొక తగాదా వచ్చి చేరింది. హిప్ హాప్ అనే ఈ కొత్త పాట ప్రపంచమంతా ఇంతగా అల్లుకుపోయిందే, ఇది పాడేవాళ్ళ ప్రతిభేనా, లేక అమ్మేవాళ్ళ గడుసుతనమా?

కొత్త పాట అన్నానేగాని దానికీ యాభై ఏళ్ళు దాటాయి. తాళం తప్పకుండా, రాగం ఎత్తుకోకుండా, ప్రాసలు కట్టి గబగబా మాటలు చెప్పుకుపోవడాన్ని ర్యాప్ అంటారు. ఆ ర్యాపూ, దాని వెనక ప్లేట్లు తిప్పేవాడి నేర్పూ, ఆ గంతులూ, గోడలమీది రంగుల రాతలూ అన్నీ కలిస్తే హిప్ హాప్. అల్లుకుపోవడం అన్నది కూడా అతిశయోక్తి కాదు. 2017లో అమెరికాలో పాటల లెక్కలు కట్టే నీల్సన్ వాళ్ళు, హిప్ హాప్, దాని దాయాది ఆర్ అండ్ బి కలిసి రాక్ సంగీతాన్ని దాటి ఆ దేశంలో మొదటి స్థానానికి వచ్చాయని తేల్చారు. 2018లో కెండ్రిక్ లమార్ అనే ఆయన ఆల్బమ్ 'డామ్'కు పులిట్జర్ బహుమతి ఇచ్చారు. అంతవరకు ఆ సంగీత బహుమతి శాస్త్రీయ సంగీతానికీ, జాజ్‌కీ తప్ప ఇంకొకదానికి వెళ్ళి ఎరగదు.

ఇదంతా ఊసుపోనివాళ్ళ వాదమని నేనూ పక్కకు నెట్టేద్దును. కాని మా అక్కయ్యగారింట్లో అది వాదంగా ఉండలేక, సంతకం దాకా వచ్చింది.

మా బావగారు బ్యాంకులో అప్పులిచ్చే అధికారి. లోకంలో ఏ వస్తువును చూసినా, దీనికి పెట్టుబడి ఎవరు పెట్టారన్నది ఆయన మొదటి ప్రశ్న. ఆయన కొడుకు, అంటే నా మేనల్లుడు, ఇంజినీరింగు మూడో సంవత్సరం చదువుతూ, మిగిలిన వేళల్లో తెలుగులో ర్యాప్ కడతాడు. నిజం చెప్పాలంటే ర్యాప్ కట్టగా మిగిలిన వేళల్లో ఇంజినీరింగు చదువుతాడు. తెల్లవారుజామున నిద్ర కళ్ళతో కోచింగు సెంటర్ల బస్సులెక్కే పిల్లలమీద వాడు ఒక పాట కట్టాడు. స్నేహితులు కలిసి దాన్ని రికార్డు చేసి లోకంమీద వదిలితే, కొన్ని వేలమంది విన్నారు. ఆ వేలమందిలో ఒక కంపెనీ వాళ్ళు కూడా ఉన్నారు. "మీ పాట మాకిచ్చెయ్యండి, ఇంత సొమ్ము ఇస్తాం" అని పదకొండు పేజీల కాగితం పంపారు.

"పెట్టెయ్యరా సంతకం. బాకా ఊదేవాడు లేకపోతే నీ పాట నీ గదిలోనే ఉండిపోతుంది. అమెరికాలోనైనా అంతే, అనకాపల్లిలోనైనా అంతే. సరుకుదేముంది? దుకాణం ఉండాలి" అన్నారు బావగారు.

"అక్కర్లేదు నాన్నా. పాట బాగుంటే దానంతటదే వెళుతుంది. బాగాలేకపోతే ఎవడు మోసినా పోదు" అన్నాడు మావాడు.

మా అక్కయ్య కాఫీ గ్లాసులు మా ముందు పెట్టి, "ఏరా, తెలుగు మాస్టారివి కదా, మాటల బేరం నీకే తెలియాలి. నువ్వు చెప్పు" అంది.

మాటలు నాకు తెలుసుగాని బేరం తెలియదు. అయినా ఈ ఇద్దరి వాదాలకీ సాక్ష్యం ఎక్కడ దొరుకుతుందో నాకు తెలుసు. చిత్రమేమంటే రెండూ ఒక్కచోటే దొరుకుతాయి. అది ఆ పాట పుట్టిన ఊరు.

1973 ఆగస్టు 11. న్యూయార్కు నగరంలో బ్రాంక్స్ అనే పేటలో, సెడ్జ్‌విక్ ఎవెన్యూ 1520 నంబరు భవనం. బళ్ళు తెరిచే రోజులు దగ్గరపడుతున్నాయి. కొత్త బట్టలకు డబ్బు కావాలని సిండీ కాంప్‌బెల్ అనే అమ్మాయి ఆ భవనంలో ఉన్న హాలు తీసుకుని, ఆడపిల్లలకు పావు డాలరు, మగపిల్లలకు అర డాలరు టిక్కెట్టు పెట్టి ఒక వేడుక జరిపింది. ప్లేట్లు వేసినవాడు ఆమె అన్న క్లైవ్. జమైకా ద్వీపం నుంచి వచ్చిన కుటుంబం వాళ్ళది. అతన్ని కూల్ హెర్క్ అనేవారు. పాటలో గాయకుడు ఊపిరి పీల్చుకునే చోట, తాళవాద్యం ఒక్కటే మోగే ఆ నాలుగు క్షణాలకే కుర్రకారు ఎగిరి గంతులేస్తున్నదని అతను కనిపెట్టాడు. అందుచేత ఒకే ప్లేటు రెండు ప్రతులు రెండు యంత్రాలమీద పెట్టి, ఇక్కడ అయిపోగానే అక్కడ, అక్కడ అయిపోగానే ఇక్కడ, ఆ ముక్కనే మళ్ళీ మళ్ళీ తిప్పాడు. నాలుగు క్షణాల సంబరం నాలుగు నిమిషాలైంది. ఆ తాళంమీద మాటలు చెప్పడం మెల్లిగా మొదలైంది.

అక్కడినుంచి ఆరేళ్ళపాటు ఏ కంపెనీ ఆ పేట వైపు తొంగి చూడలేదు. బీదవాళ్ళ పేట, ఇళ్ళు కాలిపోతున్న పేట. కుర్రాళ్ళు పార్కుల్లో వీధి దీపపు స్తంభం నుంచి కరెంటు లాక్కుని పాడుకునేవారు. బాగా పాడినవాడి మాటలు కేసెట్లలోకెక్కి చేతులు మారేవి. రేడియో లేదు, ప్రకటన లేదు, బాకా లేదు. ఉన్నది జనమూ, వాళ్ళ చెవులూ.

ఆ చెవులు ఎంత నికరంగా ఉండేవో ఒక ఉదాహరణ చాలు. 1981 డిసెంబరులో హార్లెమ్ వరల్డ్ అనే క్లబ్బులో బిజీ బీ అనే ఆయనకూ, కూల్ మో డీ అనే ఆయనకూ మాటల పోటీ జరిగింది. బిజీ బీ జనాన్ని నవ్వించి, కేకలు పెట్టించి ఊపేయడంలో ఘనుడు. మో డీ వచ్చి, ఆ కేకల వెనక మాట ఎంత పల్చగా ఉందో ప్రాస మీద ప్రాస వేసి ఎండగట్టాడు. జనం నిన్నటి అభిమానాన్ని పక్కనపెట్టి మాటకే ఓటు వేశారు. ఆ రాత్రి టేపు ఊరంతా తిరిగింది. ఇది వింటే తిరుపతి వేంకట కవులూ, కొప్పరపు కవులూ పోటాపోటీగా సభలు ఏలిన రోజులు మనవాళ్ళకు గుర్తు రాకుండా ఉండవు. ఆశువుగా చెప్పేవాడి దగ్గర బాకా పనిచెయ్యదు. పాదం తడబడితే అక్కడికక్కడే పట్టుబడతాడు.

ప్రాసలు చెప్పుకుని బతికేవాణ్ణి గనుక ఒక్క మాట అదనంగా చెబుతాను. మొదట్లో వీళ్ళ ప్రాస అంతా పాదం చివరనే ఉండేది. 1987లో ఎరిక్ బి, రకీమ్ అనే జంట 'పెయిడ్ ఇన్ ఫుల్' అనే ఆల్బమ్ తెచ్చారు. మాటలు రకీమ్‌వి. ఆయన చిన్నప్పుడు సాక్సొఫోను వాయించినవాడు. ఆ వాద్యం ఊపిరిని మాటలోకి తెచ్చాడు. పాదం మధ్యలో ప్రాస, ఒక పాదంలో మొదలై ఇంకొక పాదంలో వాలే వాక్యం, అయినా తాళం మాత్రం జారదు. ద్విపద రాయడానికి కూర్చున్నవాడెవడికైనా ఇది ఎంత కష్టమో తెలుస్తుంది. ఇది డబ్బు పెట్టి కొనే విద్య కాదు.

ఇంతవరకు చెప్పేసరికి మా మేనల్లుడు తండ్రివైపు చూసి మీసం లేని చోట మీసం దువ్వుకున్నాడు. కాని కథ ఇక్కడితో అయిపోలేదు.

1979లో న్యూజెర్సీలో షుగర్ హిల్ అనే చిన్న రికార్డు కంపెనీ నడుపుతున్న సిల్వియా రాబిన్సన్ అనే ఆవిడ ఈ పాటలో బేరం ఉందని పసిగట్టింది. ఆవిడ కూడా గాయనే, చెవి గలది. అయితే పార్కుల్లో పేరు మోసినవాళ్ళను పిలవలేదు. దొరికిన ముగ్గురు కుర్రాళ్ళను పోగేసి, షుగర్‌హిల్ గ్యాంగ్ అని పేరుపెట్టి, 'ర్యాపర్స్ డిలైట్' అని దాదాపు పద్నాలుగున్నర నిమిషాల ప్లేటు తెచ్చింది. అమెరికాలో మొదటి నలభై పాటల్లోకి ఎక్కిన మొదటి ర్యాప్ అదే. లక్షలాది జనానికి హిప్ హాప్ అంటే అదే మొదటి పరిచయం.

ఆ ముగ్గురిలో బిగ్ బ్యాంక్ హ్యాంక్ అనే అతను పిజ్జా దుకాణంలో పనిచేస్తుండేవాడు. బ్రాంక్స్‌లో గ్రాండ్‌మాస్టర్ కాజ్ అనే మంచి కవి ఉండేవాడు. హ్యాంక్ అతనికి మేనేజరుగా తిరిగేవాడు. రికార్డింగుకు పిలుపు రాగానే కాజ్ దగ్గరికి వెళ్ళి అతని మాటల పుస్తకం అడిగాడు. కాజ్ ఇచ్చాడు. ఆ మాటలే ప్లేటుకెక్కాయి. కాజ్‌కు అప్పట్లో కాసనోవా ఫ్లై అని ఇంకొక పేరు. ఆ పేరును ఒక్కొక్క అక్షరమే విడదీసి చెప్పుకుంటూ ఒక పాదం కట్టుకున్నాడు. హ్యాంక్ ఆ పాదాన్ని కూడా మార్చకుండా ఉన్నదున్నట్టు పాడేశాడు!

మన వాగ్గేయకారులు చివరి చరణంలో ముద్ర వేసేవారు. కీర్తన ఎవరు పాడినా, ఎక్కడ పాడినా, సొత్తు ఎవరిదో ఆ ముద్ర చెబుతుంది. కాజ్ ముద్ర కూడా ఆ ప్లేటుమీద అలాగే ఉంది. లక్షలమంది విన్నారు. అదెవరి ముద్రో తెలిసినవాళ్ళు బ్రాంక్స్‌లో నాలుగు వీధుల వాళ్ళు. ప్లేటుమీద రచయితల వరసలో మాత్రం అతని పేరు లేదు, రావలసిన డబ్బూ రాలేదు. ఆ పాట వెనక వినిపించే సంగీతం షీక్ అనే బృందానిది. వాళ్ళు గట్టిగా అడిగి తమ పేర్లు రాయించుకున్నారు. వాళ్ళకు అడగడం తెలుసు. అడిగే స్తోమతూ ఉంది. కాజ్ అప్పటికి ఇరవై ఏళ్ళు కూడా నిండని కుర్రాడు.

ఇప్పుడు చెప్పండి, ఆ ప్లేటు విజయం ప్రతిభదా, పరిశ్రమదా? మాటల్లో ప్రతిభ లేకపోతే జనం పద్నాలుగు నిమిషాలు వినరు. సిల్వియా రాబిన్సన్ పూనుకోకపోతే ఆ మాటలు బ్రాంక్స్ దాటవు. రెండూ ఉన్నాయి. లేనిదల్లా ప్రతిభ గలవాడి పేరు.

మా బావగారి పక్షాన ఇంకా బలమైన సాక్ష్యాలు ఉన్నాయి. వాటిని దాచడం న్యాయం కాదు. పాట వేయించుకోవడానికి రేడియోవాళ్ళ చేతులు తడపడం అమెరికాలో ఎంత పాత అలవాటంటే, దానికి పేయోలా అని ఒక పేరే పుట్టింది. 1960లో చట్టం చేసి దాన్ని నిషేధించారు. అయినా 2005లో సోనీ బీఎంజీ అనే మహా కంపెనీ ఇలాంటి వ్యవహారంలోనే న్యూయార్కు ప్రభుత్వ విచారణకు తలొగ్గి కోటి డాలర్లు కట్టుకుంది. 1996కు ముందు ఒక్క కంపెనీ చేతిలో దేశం మొత్తంమీద నలభై రేడియో స్టేషన్లకు మించి ఉండకూడదు. ఆ ఏడు చట్టం మార్చి ఆ కట్టు విప్పేశారు. కొన్నేళ్ళలో క్లియర్ చానెల్ అనే ఒక్క కంపెనీకే వెయ్యికి పైగా స్టేషన్లు వచ్చాయి. వెయ్యి ఊళ్ళల్లో ఏ పాట మోగాలో ఒక గదిలో కూర్చుని చెప్పగల వాళ్ళున్నప్పుడు, జనం కోరిక అంటే ఏమిటి, వాళ్ళకు వడ్డించిన దాంట్లోంచి ఏరుకోవడమే కదా?

రేడియో పోయి సెల్‌ఫోను వచ్చినా వడ్డించేవాళ్ళు పోలేదు. స్పాటిఫై అనే దాంట్లో ర్యాప్ కేవియర్ అని ఒక పాటల జాబితా ఉంది. కోటిమందికి పైగా దాన్ని అనుసరిస్తారు. అందులో చోటు దొరకడమంటే ఒకప్పుడు పెద్ద జమీందారుగారి దర్బారులో పిలుపు దొరకడం లాంటిది. 2022 నాటికి రోజుకు దాదాపు లక్ష కొత్త పాటలు లోకంమీద పడుతున్నాయని ఆ వ్యాపారంలోని పెద్దలే చెప్పారు. లక్షలో మీ పాట ఒకటి. దానంతటదే వెళ్ళడమంటే సంతలో తప్పిపోయిన పిల్లవాడు దానంతటదే ఇల్లు చేరడం. చేరితే అదృష్టమే, కాని అదృష్టాన్ని నియమమని చెప్పకూడదు.

"చూశావా!" అన్నారు బావగారు.

చూశాను. అయితే బాకాకు ఒక లోపం ఉంది. ఊదినంతసేపే మోగుతుంది. 1990లో ఎం.సి. హ్యామర్ ఆల్బమ్ 21 వారాలు అమెరికాలో మొదటి స్థానాన్ని ఏలింది. ఆయన రూపంతో పిల్లల ఆటబొమ్మలు వచ్చాయి. టెలివిజన్‌లో బొమ్మల కథలూ వచ్చాయి. ఆయన మొదట్లో తన ప్లేట్లు కారు డిక్కీలో పెట్టుకుని తిరిగి అమ్ముకున్న కష్టజీవి, గొప్ప నర్తకుడు కూడా. 1996లో దివాలా తీశాడు. ఆయన వెంటనే వచ్చిన వెనిలా ఐస్ ఆల్బమ్ 16 వారాలు అదే గద్దె ఎక్కింది. అతని బాల్యాన్ని గురించి ప్రచారంలోకి వచ్చిన కొన్ని సంగతులు నిజం కావని పత్రికలు బయటపెట్టాయి. ఆ తర్వాత ఆ మోత మెల్లిగా సద్దుమణిగింది.

దానికి ఎదురుగా 1994లో నాస్ అనే ఇరవై ఏళ్ళ కుర్రాడి 'ఇల్మాటిక్' పెట్టండి. న్యూయార్కులో క్వీన్స్‌బ్రిడ్జ్ అనే ప్రభుత్వపు ఇళ్ళ సముదాయంలో పెరిగిన కుర్రాడు. తన వాటా కిటికీలోంచి కనిపించిన బతుకును మాటల్లో పెట్టాడు. మెచ్చుకోవలసినవాళ్ళు మెచ్చుకున్నారుగాని, మొదట అది అంత ధాటిగా అమ్ముడు కాలేదు. పది లక్షల ప్రతుల ముద్ర పడేసరికి 2001 వచ్చింది. ఈనాడు అది అమెరికా కాంగ్రెసు లైబ్రరీవారు జాతి సొత్తుగా దాచే రికార్డుల్లో ఒకటి. అయితే ఇక్కడ మా మేనల్లుడు తొందరపడి చప్పట్లు కొట్టకూడదు. ఆ ఆల్బమ్ తెచ్చింది కూడా కొలంబియా అనే పెద్ద కంపెనీయే. కంపెనీ వెనక ఉన్నంతమాత్రాన పాట చెడ్డదైపోదు. లేనంతమాత్రాన మంచిదీ అయిపోదు.

ఇంకొక విశేషం. పరిశ్రమ సర్వజ్ఞురాలని మనం అనుకుంటాంగాని, దానికి చెవుడు కూడా ఉంది. 1991 మే నెల దాకా బిల్‌బోర్డు పత్రిక వేసే ఆల్బమ్‌ల వరసక్రమం ఎలా తయారయ్యేదో తెలుసా? దుకాణదారులకు ఫోనుచేసి, ఈ వారం ఏవి బాగా పోతున్నాయని అడిగేవారు. వాళ్ళు తోచింది చెప్పేవారు. ఆ నెలాఖరున సౌండ్‌స్కాన్ అనే యంత్రపు లెక్క వచ్చింది. డబ్బు కట్టే బల్ల దగ్గర డబ్బామీది గీతలు చదివి, అమ్మింది అమ్మినట్టు లెక్కపెట్టడం మొదలైంది. కొద్ది వారాలకే జూన్‌లో ఎన్.డబ్ల్యు.ఏ. అనే ర్యాప్ బృందం ఆల్బమ్ మొదటి స్థానానికి ఎక్కి కూర్చుంది. రేడియోలు దాదాపుగా వెలివేసిన బృందం అది. జనం ఎప్పటినుంచో కొంటూనే ఉన్నారు; లెక్క రాసేవాళ్ళ కలం ఆ వైపు కదల్లేదంతే. కాబట్టి పరిశ్రమ ఈ పాటను జనంమీద రుద్దిందనేవాళ్ళు, చాలాకాలం పరిశ్రమే దాన్ని జనానికి దూరంగా ఉంచిందన్న సంగతి కూడా చెప్పాలి.

ఈ తగాదా చివరికి కోర్టు మెట్లు కూడా ఎక్కింది. 2024లో కెండ్రిక్ లమార్‌కూ, డ్రేక్ అనే కెనడా గాయకుడికీ మాటల యుద్ధం వచ్చింది. ఒకరిమీద ఒకరు పాటలు విసురుకున్నారు. మే 4న లమార్ వదిలిన 'నాట్ లైక్ అస్' అనే పాట ప్రపంచమంతా మార్మోగింది. తిట్టు కవిత్వానికి లోకంలో గిరాకీ ఎన్నడూ తగ్గదు. మన చాటువుల్లో తిట్టు పద్యాలే ఎక్కువమందికి నోటికి వస్తాయి. నవంబరులో డ్రేక్ న్యాయస్థానానికి ఎక్కి, ఈ పాటను యూనివర్సల్ కంపెనీ దొంగ లెక్కలతో, యంత్రాల చేత వినిపించి, డబ్బు పెట్టి పెంచిందని ఆరోపించాడు. కంపెనీ వాళ్ళు అదేం కాదన్నారు. ఇందులో అసలు తమాషా ఏమిటంటే లమార్ పాటలు అమ్మేదీ యూనివర్సలే, డ్రేక్ పాటలు అమ్మేదీ యూనివర్సలే! డ్రేక్ 2025 జనవరిలో ఆ అర్జీ వెనక్కి తీసుకుని, పరువు నష్టమంటూ ఇంకొక దావా వేశాడు. అక్టోబరులో న్యాయమూర్తి దాన్ని కొట్టివేశారు. ఇలాంటి పాటల్లో తిట్లను విన్నవాళ్ళు నిజాల ప్రకటనగా తీసుకోరని ఆవిడ అభిప్రాయం. ఈలోగా ఫిబ్రవరిలో ఆ పాటకు అయిదు గ్రామీ బహుమతులు వచ్చాయి.

ఆ ఆరోపణల సంగతి అలా ఉంచండి. నన్ను ఆలోచింపజేసింది ఇంకొకటి. ఒకే దుకాణం, ఒకే బాకా. ఇద్దరూ దానిమీదే పెరిగారు. అయినా జనం ఒకరి పాటను పట్టుకుని ఊరేగారు, ఇంకొకరి పాటను వదిలేశారు. బాకా ఇద్దరికీ సమానమైనప్పుడు తేడా తెచ్చింది పాటే కావాలి. అయితే ఈ పోటీలోకి దిగగలిగింది ఇద్దరే. ఆ బాకా అందని వందలమంది ఆ సభకు రానేలేదు.

ఇదీ నాకు తోచిన తీర్పు. ఎవరికి సభ దొరకాలన్నది చాలా మట్టుకు పరిశ్రమ చేతిలో ఉంది. సభ దొరికాక నిలబడడం ప్రతిభ చేతిలో ఉంది. నిలబడినవాడి పేరు, కూలి ఎవరికి చెందాలన్నది మాత్రం ఒక కాగితం చేతిలో ఉంది. మొదటి రెండింటి గురించి లోకమంతా తగువులాడుకుంటుంది; మూడోదాన్ని ఎవరూ చదవరు.

పైగా ఈ తగవులో ఏ పక్షం పూర్తిగా గెలిచినా ఎవరికో ఒకరికి అన్యాయం జరుగుతుంది. అంతా పరిశ్రమేనంటే, పాదం పాదానికీ ప్రాణం పెట్టిన రకీమ్‌కు అన్యాయం. అంతా ప్రతిభేనంటే, పుస్తకం ఇచ్చి ఊరుకున్న కాజ్‌కు అన్యాయం. అతను పైకి రాలేదు గనుక అతనిలో సరుకు లేదని చెప్పినట్టే. మన క్లాసుల్లో వెనక బెంచీల్లో కూర్చునే ఎంతమంది కాజ్‌లకో అది అన్యాయం.

మూడో సంగతికి మన తెలుగువాళ్ళలోనే ఒక ఉదాహరణ ఉంది. కాలిఫోర్నియాలో తెలుగువారింట పుట్టి, కూచిపూడి నేర్చుకుని, రాజకుమారి అన్న పేరుతో ర్యాప్ పాడే యల్లాప్రగడ శ్వేత మొదట ఇతరులకు పాటలు రాసేది. 2014లో ఫాల్ ఔట్ బాయ్ అనే బృందం పాడిన 'సెంచురీస్' అనే ప్రఖ్యాతమైన పాట రాసినవాళ్ళలో ఆమె ఒకరు. పాడిన గొంతు వేరు. కాని రాసినవాళ్ళ వరసలో ఆమె పేరు ఉంది. ఆ పేరుతోపాటే గౌరవమూ, రావలసిన భాగమూ వచ్చాయి. కాజ్‌కూ ఆమెకూ మధ్య ముప్పై అయిదేళ్ళు. ఆ ముప్పై అయిదేళ్ళలో ఆ దేశపు కవులు నేర్చుకున్న పాఠం అదే: మాట ఇచ్చేముందు పేరు రాయించుకోవడం.

మన దేశంలోనూ చట్టం నిద్రపోవడం లేదు. 2012లో కాపీరైటు చట్టాన్ని సవరించారు. రాజ్యసభలో కవి జావేద్ అఖ్తర్ దానికోసం గట్టిగా వాదించారు. దాని ప్రకారం పాట హక్కులు అమ్మేసినా, ఆ పాట తర్వాత వినిపించినప్పుడల్లా వచ్చే రాయల్టీలో రచయితకూ, సంగీతం కట్టినవాడికీ సమాన భాగం పోదు. ఆ భాగాన్ని కంపెనీకి రాసిచ్చినా చెల్లదు; వారసులకో, రచయితల హక్కులు చూసే సంఘానికో తప్ప. ఎన్నేళ్ళకో రాయకుండా హక్కులు రాసిస్తే, అది అయిదేళ్ళకేనని చట్టం అనుకుంటుంది. మన కుర్రాళ్ళలో ఎంతమందికి ఇది తెలుసు? ప్రాసలు నేర్పడానికి యూట్యూబులో వెయ్యిమంది ఉన్నారు. ఇది నేర్పడానికి ఎవరున్నారు?

ఆ సాయంత్రం ముగ్గురం కూర్చుని ఆ పదకొండు పేజీలూ చదివాం. బావగారి బ్యాంకు చూపు అక్కడ అక్కరకొచ్చింది. అప్పు కాగితాల్లో చిన్న అక్షరాలు చదివి చదివి ఆయన కళ్ళు రాటుదేలాయి. ఏడో పేజీలో ఒక వాక్యం దగ్గర ఆయన వేలు ఆగింది. పాటను ఏ రూపంలోనైనా, ఎవరి గొంతుతోనైనా, ఎవరి పేరుతోనైనా వాడుకునే హక్కు శాశ్వతంగా కంపెనీదేనట. అంతసేపూ సంతకం పెట్టమన్న మనిషి కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఎవరి పేరుతోనైనానా?" అన్నారు. కొడుకు మాట్లాడలేదు. పాట దానంతటదే వెళుతుందన్న వాడికి, అది తన పేరు లేకుండా కూడా వెళ్ళగలదన్న సంగతి అప్పుడే తట్టినట్టుంది.

సంతకం మానలేదు, పెట్టనూ లేదు. పేరు తప్పక వెయ్యాలని, హక్కులకు గడువు పెట్టాలని, రాయల్టీ మాట స్పష్టంగా ఉండాలని మూడు మార్పులు కోరుతూ ఉత్తరం రాశాం. భాష నాది, లెక్కలు బావగారివి, సంతకం మావాడిది. జవాబు ఇంకా రాలేదు. మార్పులు ఒప్పుకోకపోతే వాడికి ఆ సొమ్ము పోతుంది. ఆ సొమ్ము వాడి వయసుకు చిన్నదేం కాదు. ఆ సంగతి తెలిసే వాడు ఉత్తరం పంపాడు.

కంపెనీలు లేకుండా ఈ రోజుల్లో పాట ఊరు దాటడం కష్టం. వాటిని తిట్టి లాభం లేదు. రాజులు లేని రోజుల్లో అవే రాజులు. కాని రాజును ఆశ్రయించిన కవి కూడా కృతి ఇచ్చాడేగాని పేరు ఇవ్వలేదు. కావ్యం చివర గద్యలో తండ్రి పేరుతో సహా తన పేరు రాసుకున్నాడు. ఆ ఏనుగులూ, అగ్రహారాలూ ఏమయ్యాయో మనకు తెలియదు. ఆ గద్య మాత్రం ఈనాటికీ ప్రతి ఆశ్వాసం చివరా ఉంది.

బాకా ఊదేవాళ్ళు ఊదనివ్వండి. అది వాళ్ళ వృత్తి. పాట కట్టేవాళ్ళు ముద్ర వెయ్యడం మాత్రం మరిచిపోకూడదు.